మిరప విత్తు మొలకెత్తు విధము

"నారు పోసినవాడు నీరు పోయకపోవునా" యని మన పెద్దలు చెప్పుచుందురు. పుట్టించిన దైవము పోషింపక మానడని ఆ సామెతకు భావము. కష్టకాలమున ధైర్యము నిచ్చు మాట యిది. కాని మిరప నారుమడి కడ మాత్రము నారు పోయువాడును, నీరు పోయువాడును ఒక్కడే. అతడు నీరు ఎక్కువ పోసినను విత్తు చెడును, తక్కువ పోసినను చెడును. కనుక ఈ విషయమున దైవముపై భారము వేయుటకు ముందు మనము తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములందలి మన తెలుగు కుటుంబములలో సేద్యము చేయువారు పెక్కుమంది. మిరప వేయు రైతునకు విత్తు మొలవకపోవుట చిన్న నష్టము కాదు. విత్తునకు పెట్టిన సొమ్ము పోవుట యొకటి; అంతకంటె పెద్ద నష్టము కాలము పోవుట. మిరప నారు పొలమున నాటుటకు 40 నుండి 45 రోజుల వయస్సు రావలెను. విత్తు మొలవలేదని నిశ్చయముగా తెలియుటకే రెండు వారములు గడచును. మరల విత్తు తెచ్చి, మరల పోసి, మరల 40 దినములు వేచియుండులోపల అదను దాటిపోవును. దున్నిన పొలము, తెచ్చిన ఎరువు, మాటలాడుకొన్న కూలీలు, అన్నియు ఆ చిన్న విత్తుకొరకు కాచుకొని యుండవలెను.

అయితే విత్తు మొలచునో మొలవదో మడిలో పోయకముందే తెలిసికొను ఉపాయము కలదు. దానికి కావలసినవి ఒక నూలు గుడ్డ, నూరు విత్తులు, రెండు వారముల ఓర్పు. ఉన్నత పాఠశాలలో చదువు బాలబాలికలు ఎవరైనను ఈ పని చేయగలరు. ఆ ఉపాయమును, దాని వెనుకనున్న శాస్త్రమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పేరులోని చుట్టరికము

మిరప మన దేశమున పుట్టిన మొక్క కాదు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండము. మెక్సికో ప్రాంతపు ప్రజలు కొన్నివేల సంవత్సరముల క్రిందటనే దీనిని పెంచ నేర్చిరి. 1498వ సంవత్సరమున వాస్కో డ గామా కోళికోడు తీరమున దిగిన పిమ్మట, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడల మీద మిరప మన దేశమునకు వచ్చెను. అంతకు పూర్వము మన వంటలలో కారమునకు మిరియమే ముఖ్యాధారము.

క్రొత్తగా వచ్చిన ఈ కాయకు మనవారు పాత కారపు పేరునే చుట్టరికముగా కలిపిరి. తెలుగున మిరియము, మిరప. తమిళమున మిళగు, మిళగాయ్. మిళగాయ్ అనగా మిళగు వంటి కాయ యని అర్థము. ఇరుగుపొరుగున నున్న రెండు భాషలవారును క్రొత్త వస్తువును చూచి ఒకే తీరున ఆలోచించిరనుటకు ఇది చక్కని నిదర్శనము.

పేరులు కలిసినను మొక్కలు మాత్రము వేరు. మిరియము చెట్టు నల్లుకొని ప్రాకెడు తీగ. కొండప్రాంతముల తేమయు నీడయు దానికి ఇష్టము. మిరప వంగ, టమాటా, బంగాళాదుంపల కుటుంబమునకు చెందిన చిన్న మొక్క. ఈ వ్యాసము మిరపను గూర్చినది. అయినను వంగ నారు, టమాటా నారు పోయువారికిని ఇందలి సంగతులు చాలవరకు ఉపయోగపడును.

విత్తు లోపల ఏమున్నది?

పండుమిరపకాయను చీల్చి ఒక గింజను అరచేతిలో నుంచుకొని చూడుడు. అది లేత పసుపు వన్నెతో, బల్లపరుపుగా, చిన్న బిళ్ళవలె నుండును. ఒక గ్రామునకు అట్టివి సుమారు 150 తూగును. పై పొర క్రింద గట్టియైన పోషక పదార్థము కలదు. దాని నడుమ పిల్లమొక్క చుట్టుకొని పండుకొన్నట్లు ఉండును. ఆ పిల్లమొక్కకు ఒక చివర లేత వేరు, ఇంకొక చివర రెండు విత్తనాకులు నుండును.

మన ఇండ్లలో తల్లులు పెసలను నానవేసి, గుడ్డలో మూటగట్టి మొలకలు తీయుదురు. ఒక దినమునకే పెసలు మొలకెత్తును. అదే విధముగ మిరప విత్తులను మూటగట్టినచో వారము గడచినగాని మొలక కనబడదు. ఇట్టి భేదమునకు కారణమేమి?

పెసర గింజలో ఆహారమంతయు రెండు పప్పు బద్దలలోనే, అనగా పిల్లమొక్క శరీరములోనే నిండియున్నది. పై పొట్టు పలుచన. నీరు తగిలిన వెంటనే వేరు పొట్టును చీల్చుకొని బయటపడును. మిరప విత్తులో నట్లు కాదు. లేత వేరు కొనకు ఎదురుగా గట్టి పోషక పదార్థపు గోడ యొకటి అడ్డుగా నిలిచియుండును. వేరునకు దానిని పొడుచుకొని వచ్చు బలము లేదు. నీరు పీల్చిన తరువాత విత్తులో కొన్ని ఎంజైములు పుట్టి, వేరు కొన యెదుటి గోడను కొద్దికొద్దిగా మెత్తబరచును. ఆ గోడ తగినంత మెత్తనైన పిమ్మటనే వేరు బయటకు రాగలదు. కనుక మిరప విత్తు ఆలస్యము చేయుట దాని దోషము కాదు. దాని లోపల ఒక పని జరుగుచున్నది. ఆ పని జరుగుచున్నన్ని దినములును దానికి చెరుపు రాకుండ కాపాడుటయే మన వంతు.

నీరు, గాలి, వేడిమి

విత్తు మొలచుటకు కావలసినవి మూడు: నీరు, గాలి, వేడిమి. పిల్లలందరును పాఠ్యపుస్తకములలో ఈ మూడు పేరులను చదివియే యుందురు. కాని పేరులు తెలియుట వేరు, పాళ్ళు తెలియుట వేరు.

మొదటిది నీరు. ఎండిన విత్తు నిద్రించుచున్న ప్రాణి వంటిది. నీరు లోనికి పోయినగాని ఎంజైములు పనిచేయవు. ఒకసారి తడిసి పని ఆరంభించిన తరువాత నడుమ ఎండిపోయినచో పిల్లమొక్క చచ్చును. ఉదయము తడిపి, మధ్యాహ్నము ఎండగొట్టి, మరునాడు మరల తడిపిన మడిలో విత్తులు మొలవక పోవుటకు ఇదియే కారణము. పెసలు ఒక దినముననే మొలచును గనుక వాటికి ఈ గండము తక్కువ. మిరప విత్తు ఎనిమిది, పది దినములు ఈ గండమును దాటవలసియున్నది.

రెండవది గాలి. విత్తు కూడ మనవలెనే ఊపిరి తీయును. మట్టి రేణువుల నడుమ నుండు సందులలోని గాలియే దానికి ఆధారము. నీరు నిలిచినచో ఆ సందులన్నియు నీటితో నిండిపోవును, విత్తునకు ఊపిరాడదు. అప్పుడు అది మొలచుటకు బదులు క్రుళ్ళును. కనుక మట్టి తడిగా నుండవలెను గాని బురదగా నుండరాదు. పిడికిట పట్టి నొక్కినచో ముద్దగట్టి, వ్రేళ్ళ నడుమ నీరు కారకుండ నుండుట సరియైన పదును.

మూడవది వేడిమి. మిరప వెచ్చని దేశపు మొక్క. శాస్త్రజ్ఞులు నేల వేడిమిని మార్చి మార్చి పరీక్షించి చూచిరి. 15 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో మొలక పైకి వచ్చుటకు సుమారు 25 దినములు పట్టినది. 20 డిగ్రీలలో 13 దినములు పట్టినది. 25 నుండి 30 డిగ్రీలలో 8 దినములే చాలినవి. 35 డిగ్రీలలో 9 దినములు పట్టినది. 40 డిగ్రీలలో మొలకయే రాలేదు.

ఈ లెక్కలను మన ఊరి వాతావరణముతో కలిపి చూడవలెను. చలిదేశములవారు వ్రాసిన పుస్తకములలో, మిరప విత్తుల క్రింద విద్యుత్తుతో వేడెక్కు పరుపులు పరచవలెనని యుండును. వారికి అది యుక్తమే. మన తిరుత్తణి ఎండలు ఎట్టివో అందరకు తెలిసినదే. వేసవిలో ఇచ్చటి గాలి వేడిమియే 40 డిగ్రీలు దాటు దినములు కలవు. ఎండ సూటిగా తగులు మట్టి పైపొర అంతకంటెను ఎక్కువగా కాగును. అరంగుళము లోతున నున్న విత్తు అట్టి మట్టిలో ఉడికినట్లగును. మార్గళి, తై మాసముల రాత్రులలో మాత్రము కొంత చలియుండును. అప్పుడు మొలక నాలుగైదు దినములు ఆలసించిన దిగులు పడనక్కరలేదు. కనుక మన ప్రాంతమున సంవత్సరములో అధికభాగము మిరప విత్తునకు వేడిమి చాలకపోవుట యను బాధ లేదు. పట్టపగటి ఎండనుండి దానిని కాపాడుటయు, తడిని ఒకే తీరున నిలుపుటయు మన కర్తవ్యము. అన్య దేశముల సలహాలను ఉన్నవి ఉన్నట్లుగా పాటింపరాదనుటకు ఇది యొక ఉదాహరణము.

పక్షి చేయు మేలు

మనుష్యుడు నారుమడి కట్టకముందు మిరప విత్తులను ఎవరు నాటిరి? పక్షులు నాటినవి. మిరపలోని కారమునకు కారణమైన పదార్థము పేరు కాప్సైసిన్. అది గింజలో పుట్టదు. గింజలు అంటియుండు తెల్లని ఈనెలో పుట్టును. ఎలుక మొదలైన పాలిచ్చు జంతువుల నోటిని ఈ పదార్థము మండించును. పక్షులకు ఆ మంట తెలియదు. అందుచేతనే చిలుక మిరపపండును కమ్మగా తినును.

2001వ సంవత్సరమున ట్యూక్స్‌బరీ, నభాన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షించి ప్రకటించిరి. ఎలుక జాతి జంతువులు తిన్న విత్తులు మొలవలేదు. వాటి పండ్లు విత్తులను నమలివేయును. పక్షులు తిన్న విత్తులు చెడక మొలచినవి. పక్షికి పండ్లు లేవు గనుక విత్తు నలుగకుండ కడుపులోనుండి వెడలి, ఏ చెట్టు నీడనో పడును. చెట్టు నీడ, ఆకుల కప్పు, మెత్తని మట్టి: ఇవే మిరప విత్తు కోరునవి. మంచి నారుమడి యనగా ఆ చెట్టు నీడను మన చేతులతో కల్పించుటయే.

ఇంటి విత్తు, అంగడి విత్తు

ఇంటి విత్తు తీయదలచినవారు తెగులు లేని, బలమైన మొక్కను ముందుగనే ఏరి గుర్తు పెట్టుకొనవలెను. కాయ చెట్టుననే పూర్తిగా ఎర్రగా పండవలెను. పచ్చికాయలోని గింజ ముదురదు, మొలవదు. పండిన కాయల గింజలను తీసి నీడలో ఆరబెట్టవలెను. కాలుచున్న బండపై ఎండబెట్టిన గింజలోని జీవము నశించును. అప్పుడే తీసిన గింజ వెంటనే మొలుచుటకు కొంత బద్ధకించును. కొన్ని వారములు ఆరి విశ్రమించిన తరువాత చక్కగా మొలచును.

ఆరిన విత్తును మూత గట్టిగానుండు సీసాలో, చల్లని చోట దాచవలెను. విత్తును దాచుటలో శాస్త్రజ్ఞులు చెప్పు సూత్రములు రెండు గలవు. విత్తులోని తేమ నూటికి ఒక పాలు తగ్గినచో దాని ఆయువు ఇంచుమించు రెట్టింపగును. దాచినచోటి వేడిమి 5 డిగ్రీలు తగ్గినను అట్లే ఇంచుమించు రెట్టింపగును. పొయ్యి ప్రక్కన గూటిలో నుంచిన విత్తు ఏల త్వరగా చెడునో దీనివలన తెలియుచున్నది.

ఒక హెచ్చరిక. సంకరజాతి విత్తు కొని పండించినవారు ఆ పంటనుండి తీసిన గింజలను మరుసటి యేడు పోసినచో మొక్కలన్నియు తల్లి వలె రావు. మొలచును గాని గుణము చెదరిపోవును. గుంటూరు సమీపమున లాం పరిశోధన క్షేత్రమువారి జి-4 యను భాగ్యలక్ష్మి, కోవిల్‌పట్టివారి కె-2 వంటి సూటి రకములలో ఈ చిక్కు తక్కువ. అయినను తేనెటీగలు ఒక చేను పుప్పొడిని ఇంకొక చేనికి మోయును గనుక, వేరు రకముల నడుమ నున్న మొక్కలనుండి విత్తు తీయరాదు.

అంగడిలో కొన్న విత్తునకు సంచిపై చీటీ యుండును. 1966వ సంవత్సరపు విత్తనముల చట్టము ననుసరించి, ఆ చీటీపై రకము పేరు, మొలక శాతము, శుద్ధి, పరీక్షించిన తేదీ మొదలైన వివరములు ఉండవలెను. ధ్రువీకరించిన విత్తనమునకు నీలిరంగు చీటీ. పరీక్షించిన తేదీనుండి 9 నెలల వరకు ఆ ధ్రువీకరణ చెల్లును. మిరపకు ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు మొలక నూటికి 60.

ఈ అరువది యను సంఖ్యను గమనింపుడు. నూరు విత్తులలో నలువది మొలవకపోయినను ఆ విత్తు చట్టప్రకారము సరియైనదే. దానిని అంగడివాని మోసముగా భావింపరాదు. కాని దానిని ముందు తెలిసికొనకుండ మడి పోయుటయు రాదు.

నూరు విత్తుల పరీక్ష

ఇప్పుడు విద్యార్థులు చేయవలసిన పరీక్షను చెప్పెదము.

విత్తు సంచినుండి ఏరకుండ, చేతికి వచ్చినవి వచ్చినట్లుగా నూరు విత్తులు లెక్కించి తీయవలెను. మంచివి ఏరి తీసినచో పరీక్ష అబద్ధము చెప్పును. పాత నూలు గుడ్డను వేడినీట ఉతికి, ఆరిన పిమ్మట మంచినీట తడిపి, నీటిబొట్లు రాలకుండ పిండవలెను. గుడ్డపై పది వరుసలుగా, వరుసకు పది చొప్పున విత్తులను ఒకదాని కొకటి తగులకుండ పేర్చవలెను. పైన ఇంకొక తడిగుడ్డ కప్పి, వదులుగా చాపవలె చుట్టి, ఒక పళ్ళెములో నుంచి, దానిపై గిన్నె బోర్లించవలెను. గిన్నె అంచు క్రింద ఒక పుల్ల పెట్టినచో గాలి ఆడును. ఇంటిలో ఎండ తగులని, గాలి వెచ్చగా నుండు మూల దీనికి తగినది. ఈ దశలో విత్తునకు వెలుతురు అక్కరలేదు.

ప్రతిదినము ఉదయమును సాయంత్రమును గుడ్డను తాకి చూచి, ఆరినట్లు తోచినచో నీరు చిలుకరింపవలెను. ఏడవ దినమున విప్పి, వేరును మొలకయు చక్కగా వచ్చినవాటిని లెక్కించి తీసివేయవలెను. బూజు పట్టిన విత్తులను కూడ తీసి వేరుగ లెక్క వ్రాయవలెను. పదునాలుగవ దినమున చివరి లెక్క. ఏడు, పదునాలుగు దినముల ఈ నియమమే విత్తన పరీక్షాలయములలోను అమలులో నున్నది. రెండు లెక్కలను కూడినచో వచ్చు సంఖ్యయే ఆ విత్తు మొలక శాతము.

కొందరు విత్తులను నీటిలో వేసి తేలినవానిని పారవేయుదురు. మిరప విత్తు పలుచనిది, తేలికయైనది. మంచి విత్తు కూడ కొంతసేపు తేలును. కనుక తేలినంతమాత్రమున చెడ్డదని తీర్పు చెప్పరాదు. గుడ్డ పరీక్షయే నమ్మదగినది.

ఎర్రగనో, గులాబివన్నెగనో రంగు పూసిన విత్తు వచ్చినచో దానికి పురుగుమందు పట్టించియున్నారని గ్రహింపవలెను. అట్టి విత్తులను పిల్లలు వట్టిచేతులతో ముట్టరాదు, పెద్దలే చేయవలెను. పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పరీక్షకు వాడిన గుడ్డను, పళ్ళెమును, గిన్నెను మరల వంటింటికి చేర్చరాదు.

ఒక చిన్న లెక్క

పరీక్షవలన లాభమేమో గణితము చెప్పును. వరుసల నడుమ 60 సెంటిమీటర్లు, మొక్కల నడుమ 45 సెంటిమీటర్లు ఎడముంచి నాటినచో ఒక ఎకరమునకు సుమారు 15,000 మొక్కలు కావలెను. మొలక శాతము 60 అయినచో అన్ని మొక్కలకు 25,000 విత్తులు పోయవలెను. గ్రామునకు 150 చొప్పున అది సుమారు 167 గ్రాములు. మొలక శాతము 85 అయినచో సుమారు 17,650 విత్తులు, అనగా 118 గ్రాములు చాలును. ఇది మొలక లెక్క మాత్రమే. మడిలో తెగులువలనను, నాటినపుడు వాడిపోవుటవలనను కలుగు నష్టమునకు మరికొంత కలుపుకొనవలెను.

సంకరజాతి విత్తు వెల గ్రాముల లెక్కన చెల్లించునది. దాదాపు 50 గ్రాముల భేదము ఒక కుటుంబమునకు ఎంత భారమో తల్లిదండ్రులు ఎరుగుదురు. పరీక్షలో మొలక 30, 40 దాటనిచో ఆ విత్తును పోయకుండుటయే మేలు. సంచిని, చీటీని, కొన్న రసీదును భద్రపరచి, అంగడివానిని అడుగవచ్చును. వ్యవసాయశాఖ వారికి తెలుపవచ్చును.

నారుమడి

తమిళనాడున మిరప నారు పోయుటకు జనవరి–ఫిబ్రవరి, జూన్–జూలై, సెప్టెంబరు–అక్టోబరు మాసములు అనుకూలమని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు చెప్పుచున్నారు. ఒక ఎకరము నాటుటకు సుమారు ఒక సెంటు నేలలో నారు పోసిన చాలును.

మడి నేలకంటె 15 సెంటిమీటర్లు ఎత్తుగా నుండవలెను. వెడల్పు ఒక మీటరు మించరాదు. అప్పుడే రెండు ప్రక్కలనుండి చేయి అందును, మడిలో కాలు పెట్టనక్కరలేదు. మడుల నడుమ కాలువ తీసినచో ఐప్పసి, కార్తిక మాసముల వానలకు నీరు నిలువక పారిపోవును. మన ప్రాంతమున ఈశాన్య ఋతుపవనపు వానలే ముఖ్యము గనుక సెప్టెంబరు–అక్టోబరు నారునకు ఈ కాలువ ప్రాణము వంటిది. చివికిన పశువుల ఎరువును జల్లించి మట్టిలో కలుపవలెను. పచ్చి పేడ పనికిరాదు.

మందు పూయని విత్తునకు కిలో ఒకింటికి 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి యను మేలుచేయు బూజుపొడిని పట్టించినచో నారుకుళ్ళు కొంత అదుపులో నుండును. 10 సెంటిమీటర్ల ఎడముతో గీతలు గీసి, ఒక సెంటిమీటరుకంటె లోతు పోకుండ విత్తు చల్లి, సన్నని ఇసుకతో కప్పవలెను. లోతు మించినచో మొలక పైకి రాకముందే దాని ఆహారము ముగిసిపోవును. మరీ పైననే యున్నచో విత్తు పొట్టు ఊడక విత్తనాకులకు టోపీవలె తగులుకొని యుండును. అట్టి టోపీని లాగరాదు. తడిపినచో మెత్తబడి తానే ఊడును.

ఇసుకపై వరిగడ్డి పలుచగా పరచి, దానిమీదుగా చిల్లుల డబ్బాతో నీరు జల్లవలెను. గడ్డి ఎండను ఆపును, తడిని నిలుపును, నీటిధార విత్తును కదల్పకుండ కాపాడును. ప్రతి సాయంత్రము గడ్డి నెత్తి చూడవలెను. మొలక మెడ వంచి పైకి వచ్చుట కనబడిన దినముననే గడ్డిని తీసివేయవలెను. ఒక్క దినము ఆలసించినను మొలకలు వెలుతురుకై సాగి, పాలిపోయి, బలహీనమగును. ఆ తరువాత మధ్యాహ్నపు వేళ కొన్ని దినములు పలుచని పందిరి నీడ చాలును.

మొలచిన పిమ్మట వచ్చు ముఖ్య శత్రువు నారుకుళ్ళు. పిథియమ్ అను సూక్ష్మజీవి దీనికి కారణము. నేలకు ఆనిన చోట కాడ మెత్తబడి, నిన్న నిలిచిన నారు నేడు ఒరిగిపోవును. విత్తు ఒత్తుగా చల్లుట, సాయంత్రము ఆలస్యముగ నీరు పెట్టి రాత్రియంతయు మడిని తడిగా నుంచుట, నీరు నిలుచుట దీనికి ఆహ్వానము పలుకును. మొలకలు వచ్చిన తరువాత ఉదయముననే నీరు పెట్టుట మంచిది. తెగులు కనబడినచో తిరువళ్ళూరు సమీపమున తిరూరునందలి కృషి విజ్ఞాన కేంద్రమువారిని అడిగి, వారు చెప్పిన మందు, చెప్పిన పాళ్ళలో వాడవలెను.

రెండు భాషల పిల్లలు

తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి అప్పటి మదరాసు రాష్ట్రమున చేరెను. నాటినుండి మన పెద్దలు ఇంట తెలుగును, అంగడిలో తమిళమును మాటలాడుచు సేద్యము సాగించుచున్నారు. విత్తు సంచిపై చీటీ తమిళమునను, ఇంగ్లీషునను ఉండును. దానిని చదువలేక అంగడివాడు చెప్పినదే నమ్మి తెచ్చుకొను పెద్దలు కలరు. ఆ చీటీ చదివి చెప్పగలవారు మన పాఠశాల పిల్లలు.

తమిళమున ముళైప్పుత్‌ తిరన్ అని యున్నచోట మొలక శాతమని గ్రహింపవలెను. ముళై మన మొలకయే. నాట్రు మన నారే. నాట్రంగాల్ మన నారుమడియే. విదై యనగా విత్తు. ఒక భాష తెలిసినవానికి రెండవ భాష పరాయిది కాదనుటకు పొలములో దొరకు ఈ నాలుగు మాటలే సాక్ష్యము. అట్లని తెలుగు మాటను విడువనక్కరలేదు. అదను, పదును, నారు, మొలక అను మాటలు మన తాతల అనుభవమును మోసికొని వచ్చినవి. పదును అను ఒక్క మాటలో నీటి పాలు, గాలి పాలు రెండును ఇమిడియున్నవి. ఆ మాట మరచిన పిల్లవానికి ఆ సంగతి ఒక పేజీ చదివినగాని తెలియదు.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. విత్తు కొన్న దినముననే నూరు గింజలను పిల్లలకు ఇచ్చి పరీక్షింపజేయుడు. సెప్టెంబరున నారు పోయువారు ఆగస్టు మొదటి వారముననే విత్తు కొనినచో పరీక్షకును, అవసరమైన వేరు విత్తు తెచ్చుకొనుటకును వ్యవధి యుండును. విద్యార్థులు విత్తు రకము, కొన్న తేదీ, చీటీపై నున్న శాతము, ఏడవ దినపు లెక్క, పదునాలుగవ దినపు లెక్క అను అయిదు గళ్ళతో ఒక పట్టిక వ్రాసి, తరగతి గోడపై అంటింపవలెను. పది ఇండ్ల లెక్కలు ఒకచోట చేరినచో, ఏ విత్తు ఏ నెలలో ఎట్లు మొలచినదో ఊరివారందరకు తెలియును. రెండు మూడేండ్లు విడువక వ్రాసిన ఆ పట్టిక, ఏ పుస్తకమునను దొరకని మన ఊరి మిరప పాఠమగును.